మేక దిగిన స్టేషన్

హన్నాకి కూర్చోవడం చేతకాదు. నర్సు ఉద్యోగం వల్ల అబ్బిందో, పుట్టుకతోనే ఉందో గానీ ఆవిడ అన్నం కూడా సగం నిలబడే తింటుంది. అలాంటి మనిషిని పట్టుకుని పదిహేను రోజులు ఊరికే ఎదురుచూడమంటే ఏమవుతుందో, ఎనభై నాలుగో సంవత్సరం వేసవిలో రాయపూర్ రైల్వే క్వార్టర్ల వాళ్లందరూ కళ్లారా చూశారు.

అంతా ఒక పార్సెల్‌తో మొదలైంది. స్టేషన్ వెనక తెలుగు సంఘానికి ఒక గది ఉంది, అందులో మూడు బీరువాల నిండా పుస్తకాలున్నాయి. అన్నీ పెద్దవాళ్ల నవలలే. పిల్లలు చదవడానికి ఒక్క ముక్క లేదు. హన్నా ఏడాదిపాటు సంఘం వాళ్ల చెవిలో జోరీగలా తిరిగి, చివరికి వాళ్ల చేత ఊఁ అనిపించింది. బెజవాడలో ఉన్న అన్నయ్య జ్ఞానప్రకాశానికి చెప్పి, ఆ ఏడే అచ్చయిన రంగుల బొమ్మల పుస్తకాలు పన్నెండు తెప్పించింది.

ఆవిడ ఇంత పట్టుదలకి పోయింది ఊళ్లో పిల్లలందరి మీద ప్రేమతో కాదు. తన ఎనిమిదేళ్ల కూతురు కమల కోసం. కమలకి తెలుగు అర్థమవుతుంది. నోటివెంట మాత్రం రాదు. "అన్నం తిన్నావా?" అంటే హిందీలో "ఖా లియా" అంటుంది. "జడ వేస్తాను రా" అంటే "అభీ నహీఁ మమ్మీ" అంటుంది. తండ్రి ఏలియా గూడ్సు బండి గార్డు, నెలలో సగం రోజులు లైను మీదే ఉంటాడు. తల్లికి ఆసుపత్రి డ్యూటీలు. పిల్ల పెరిగింది వీధిలో, బడిలో. ఇలాగే సాగితే దీని పెళ్లినాటికి మా ఇద్దరి మధ్యా ఎవర్నో కూర్చోబెట్టుకుని మాటలు చెప్పించుకోవాలి కాబోలు అని హన్నా నవ్వుతూనే అనేది. కానీ ఆ నవ్వు వెనక భయం ఉంది. తన కడుపున పుట్టిన పిల్ల తనకి పరాయి భాషలో జవాబిస్తుంటే, పగలంతా రోగుల మధ్య తిరిగి వచ్చిన మనిషికి ఇంట్లో కూడా డ్యూటీలో ఉన్నట్టే ఉండేది.

పార్సెల్ మధ్యాహ్నం వచ్చింది. కట్టిన పురికొస విప్పేదాకా కూడా ఆగలేక కమల మూల చింపేసింది. పుస్తకాలు నేలమీద పరిచేసరికి దాని చూపు అన్నిటికన్నా వెడల్పుగా ఉన్న ఒక పుస్తకం మీద పడింది. అట్టమీద ఒక తెల్లమేక గూడ్సు బండి గార్డు డబ్బాలోంచి తల బయటికి పెట్టి చూస్తోంది. నోట్లో పచ్చజెండా.

"పాపా కా డబ్బా!" అని అరిచింది కమల, అది నాన్న ఎక్కే డబ్బా అని గుర్తుపట్టి.

హన్నా చదవడం మొదలుపెట్టింది. చిన్న స్టేషన్‌లో గడ్డి మేస్తున్న మేక ఒకటి, నీడగా ఉంది కదా అని గార్డు డబ్బా ఎక్కుతుంది. బండి కదిలిపోతుంది. ఇక బండి ఆగిన చోటల్లా మేక తల బయటపెట్టి, "ఇది మా ఊరేనా?" అని అడుగుతుంది. మొదటి స్టేషన్‌లో స్టేషన్ మాస్టరు, "కాదు. ఇక్కడ గడ్డి లేదు. పద పద!" అంటాడు. రెండో స్టేషన్‌లో కూలీ, "కాదు. ఇక్కడ మేకలు లేవు. పద పద!" అంటాడు. మూడో స్టేషన్ బొమ్మ వచ్చేసరికి హన్నా ఇంకా నోరు తెరవనేలేదు.

"ఇది మా ఊరేనా?" అంది కమల.

తెలుగులో. మేక గొంతు పెట్టి, మెడ చాపి మరీ. హన్నా చేతిలో పుస్తకం కదలలేదు. గడియారం రెండు చూపిస్తోంది. ఇంకో నిమిషం ఆగితే డ్యూటీకి వెళ్లే టెంపో తప్పిపోతుంది.

"మిగతాది వచ్చాక చదువుకుందాం. చేతులు కడుక్కోకుండా ముట్టుకోకు," అని పుస్తకం మూసి పరుగెత్తింది. ఆ టెంపో తెలీబంధా చెరువు పక్కనుంచి శంకర్ నగర్‌లో ఆసుపత్రికి వెళ్లేదాకా ఆవిడ సీటు అంచున కూర్చుంది. ఆ సాయంత్రం వార్డులో ఆవిడ ఎవర్నీ కసరలేదట. ఆయాలు వింతగా చెప్పుకున్నారు.

ఇంటికి వచ్చేసరికి పార్సెల్ లేదు. డ్యూటీ వేళల్లో కమలని చూసుకునే పక్కింటి అప్పలనరసమ్మ గుమ్మంలోనే చెప్పేసింది.

"ఎంకటసామి బాబు వొచ్చి అట్టుకెళ్లిపోనాడమ్మా. సంగం బుక్కులంట గదా. పిల్ల ఒకటే ఏడుపు. నానేటి సెయ్యను?"

వెంకటస్వామి సంఘం కార్యదర్శి. రైల్వేలో హెడ్ క్లర్కుగా రిటైరైన మనిషి. యాభై ఏడులో విజయనగరం నుంచి రేకు పెట్టె ఒకటి పట్టుకుని రాయపూర్ ప్లాట్‌ఫారం మీద దిగాననీ, తనని పలకరించిన నాథుడు లేడనీ, తెల్లవార్లూ ఆ పెట్టె మీదే కూర్చున్నాననీ కొత్తగా వచ్చిన ప్రతివాడికీ చెబుతాడు. తర్వాత ఆయన చేసిన పని ఒకటుంది, దాన్ని ఎవరూ కాదనలేరు. తెలుగు వారపత్రికలు తెప్పించుకునే ఇళ్లన్నీ తిరిగి, చదివేసిన వాటిలోంచి సీరియల్ నవలల కాగితాలు చింపి తెచ్చి, వారాల వరసన పేర్చి, స్వయంగా కుట్టి, అట్ట కట్టి, కాలికో గుడ్డ తొడిగి పుస్తకాలు చేశాడు. సంఘం బీరువాల్లో సగం ఆయన చేత్తో కుట్టినవే. క్వార్టర్లలో ఉండే తాయారమ్మ గారు చదివే సీరియల్లో చివరి వారం పత్రిక పోస్టులో పోతే, ఆ ఒక్క సంచిక కోసం బిలాస్‌పూర్ దాకా వెళ్లి ఎవరింట్లోనో వెతికి తెచ్చి కుట్టిన మనిషి ఆయన.

పొద్దున్నే హన్నా ఆయన ఇంటి ముందు నిలబడింది.

"బాబాయ్ గారూ, ఆ మేక పుస్తకం ఒక్కటీ ఇచ్చేయండి. సగంలో ఆగిపోయాం. రేపే తెచ్చి ఇచ్చేస్తాను."

"అలాగెలాగమ్మా? ముద్ర పడాల, నంబరు పడాల, బైండు అవ్వాల. అట్ట కట్టని పుస్తకం చొక్కా తొడగని పిల్లడమ్మా. పైగా పిల్లల చేతుల్లోకి వెళ్లేవి. రెండు రోజుల్లో పీలికలు చేసేస్తారు." ఆయన గొంతు తగ్గించి, సంబరంగా అన్నాడు. "పదిహేను రోజులు ఓపిక పట్టు. గట్టి పని చేస్తన్నాను. చూసి నువ్వే మెచ్చుకుంటావు."

ఓపిక పట్టమనడం తేలిక. ఆ పదిహేను రోజులూ హన్నా కాలుగాలిన పిల్లిలా తిరిగింది. డ్యూటీకి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి సంఘం గది తాళం చూసి వచ్చేది. తాళం తీసి ఉంటే మాత్రం ఏం లాభం, పుస్తకాలు ఆయన ఇంటి వరండాలో ఉన్నాయి. అటు నుంచి మైదా జిగురు వాసన వచ్చేది. గేటు దగ్గర ఆగితే చాలు, ఆయన వాటి మీద దుప్పటి కప్పేసి, "ఇప్పుడు చూడకూడదు!" అని చెయ్యి ఊపేవాడు. మధ్యలో కాలు నిలవక క్వార్టర్లన్నీ తిరిగి పిల్లలందరికీ చెప్పేసింది, ఆదివారం రండి, తలా ఒక పుస్తకం ఇంటికి తీసుకెళ్లొచ్చు అని. సంఘం వాళ్లని అడగకుండానే.

మొదటి వారం కమల ఆ ఒక్క మాటనీ నోట్లో పెట్టుకుని తిరిగింది. చర్చి మెట్ల దగ్గర, బడి గేటు దగ్గర, కూరల బజారులో, ఎక్కడ ఆగినా "ఇది మా ఊరేనా?" అనేది. పాలవాడిని అడిగితే వాడు ఏమంటున్నావే పిల్లా అన్నట్టు, వాళ్ల ఊరి భాషలో "కా కహథస్ నోనీ?" అని నవ్వాడు. ఏలియా లైను నుంచి వచ్చి బూట్లు విప్పుతుంటే ఆయన్నీ అడిగింది. "కాదు, ఇంకా రెండు స్టేషన్లున్నాయి," అన్నాడాయన, ఏమీ తెలియకపోయినా.

"ఫిర్ మేక ఏం కరేగీ?"

సగం తెలుగు, సగం హిందీ. హన్నాకి అది కూడా వరంలాగే వినిపించింది. కానీ మేక ఏం చేసిందో తల్లికీ తెలీదు, తండ్రికీ తెలీదు.

రెండో వారంలో ఆ మాట పలచబడింది. రోజుకి రెండుసార్లు, తర్వాత ఒకసారి. శుక్రవారం సాయంత్రం బడి గేటు దగ్గర హన్నా కావాలనే ఆగి నిలబడింది. కమల చెయ్యి విడిపించుకుని "చలో న మమ్మీ" అంది, అంతే. ఆ రాత్రి హన్నా వంట చేస్తూ రెండుసార్లు ఉప్పు వేసింది. పిల్లల ఆత్రం ఎంతకాలం ఉంటుంది? ఇంకో వారం పోతే ఆ మేకని పిల్లే మర్చిపోతుంది. మేకతో పాటు ఆ మాటా పోతుంది. మళ్లీ దాని నోట తెలుగు పలికించే సంగతి ఎప్పుడు ఎదురవుతుందో, అసలు ఎదురవుతుందో లేదో.

ఆదివారం సాయంత్రం సంఘం గదిలో పిల్లలు చాపలమీద కిక్కిరిసి కూర్చున్నారు. వెంకటస్వామి వచ్చాడు. ఉతికిన పంచె, చేతిలో తువ్వాలు చుట్టిన ఒక మూట. బల్లమీద పెట్టి, ఒక్కొక్క కొసా నెమ్మదిగా తప్పించాడు.

లోపల ఎర్ర కాలికో గుడ్డ తొడిగిన పుస్తకం ఉంది. ఇటుకంత మందం. వెన్నుమీద బంగారు రంగు అక్షరాలు: బాలల బొమ్మల కథలు, మొదటి సంపుటం.

హన్నా ఆయన వెనక్కి చూసింది, ఎవరైనా ఇంకో సంచీ తెస్తున్నారేమోనని.

"మిగతావేవి బాబాయ్ గారూ?"

"అన్నీ ఇందులోనే ఉన్నాయమ్మా! పన్నెండూ కలిపి కుట్టేశాను. ఇంక ఒక్కటి పోదు, ఒక్కటి చినగదు. నా మనవల మనవలు చదువుకోవచ్చు." ఆయన మొహం వెలిగిపోతోంది. "బైండు పుస్తకం ఇంటికివ్వం, తెలుసు కదా. ఇక్కడే కూర్చుని చదువుకోవాల."

"ఏక్ హీ హై?" అన్నాడు వెనకనుంచి ఒక పిల్లవాడు. ఇద్దరు లేచి చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు.

హన్నాకి అరవాలనిపించింది. కానీ ఆ పెద్దాయన కళ్లలో సంబరం చూసి ఆగిపోయింది. ఇరవై ఏళ్లుగా ఆయనకి తెలిసిన ప్రేమ అదే, దేన్నయినా పోకుండా కుట్టేయడం. సరే, పుస్తకాలు ఇంటికి రాకపోతే పోయె, కథ పూర్తయితే చాలు అనుకుని, చాప మీద మోకాళ్ల మీద కూర్చుని సంపుటం తెరిచింది. "రా కమలా. మేక ఎక్కడుందో వెతుకు."

దొరికింది. మిగతా పుస్తకాల కొలతకి సరిపోవాలని అంచులు కోసేశాడాయన. స్టేషన్ బోర్డుల మీద ఊళ్ల పేర్లు సగం తెగిపోయాయి. అయినా మేక ఉంది, గార్డు డబ్బా ఉంది. హన్నా మొదటి నుంచీ చదివింది. రెండో స్టేషన్‌కి, చెప్పులు వెతుక్కునే ఇద్దరూ ఆగారు. మూడో స్టేషన్‌కి వెనక్కి వచ్చారు. నాలుగో స్టేషన్‌లో బండి ఆగగానే గదంతా ఒక్క గొంతుతో "ఇది మా ఊరేనా?" అని అరిచింది. అందరికన్నా పైకి కమల గొంతు. మేక అలిసిపోయింది. చీకటి పడుతోంది. బండి ఇంకో స్టేషన్‌లోకి వస్తోంది. ఇదే ఆఖరి స్టేషన్, ఇక్కడ గార్డు కూడా దిగిపోవాలి. హన్నా పేజీ తిప్పింది.

అక్కడ ఒక గొడుగు ఉంది. వేరే కథ మొదలైపోయింది.

"ఫిర్?" అంది కమల. "మమ్మీ, ఫిర్?"

హన్నా వెనక్కి తిప్పింది. ముందుకి తిప్పింది. అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు పుస్తకాలు పరిచినప్పుడు చూసింది, ఆ పల్చటి పుస్తకాల్లో ఆఖరి పేజీ వెనక అట్ట లోపలి వైపే అచ్చయి ఉంది.

"బాబాయ్ గారూ, అట్టలేవి?"

"అట్టలు తియ్యాల కదమ్మా, లేకపోతే కుట్టు పడదు. వృథా చెయ్యలేదులే. అన్నీ ఒకదాని మీద ఒకటి అంటించి ఇదిగో, ఈ బోర్డు చేశాను." ఆయన వేలి కణుపుతో సంపుటం అట్టమీద టకటకమని కొట్టాడు. "బజారు బోర్డు ఇంత గట్టిగా ఉండదు."

"మేక కథ చివర ఆ అట్టలో ఉందండీ."

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. ఎలా అవుతుంది? వారపత్రికకి అట్టంటే తలనూనె ప్రకటన, సినిమా తార మొహం. ఇన్నేళ్లలో ఆయన చింపి పారేసిన అట్టల్లో ఒక్కదాని మీద కూడా కథ లేదు. మెల్లగా తెలిసింది. మొహం పాలిపోయింది. అయినా పెద్దరికం ఊరుకోదు కదా.

"పోనీలేమ్మా. మేక ఇంటికెళ్లిపోయుంటాది. చిన్నపిల్లల కథే కదా."

అంతే, హన్నా లేచి నిలబడింది.

"తాయారమ్మ గారి సీరియల్లో ఆఖరి వారం పోతే మీరు బిలాస్‌పూర్ వెళ్లారు. అప్పుడు 'పోనీలే, ఆ అమ్మాయికి పెళ్లయిపోయుంటాది' అన్నారా? దీనికి ఎక్కడికి వెళ్తారు బాబాయ్ గారూ?" కమల భుజం మీద చెయ్యి వేసింది. "ఈ పిల్ల పదిహేను రోజులు ఆ మేకని రైల్లోనే నిలబెట్టింది. అన్నయ్యకి రాసి ఇంకోటి తెప్పించేసరికి నెల పడుతుంది. అప్పటికి దీనికి మేకా ఉండదు, మాటా ఉండదు. ఈ ఒక్క మాట కోసం నేనెంత కాచుకున్నానో మీకేం తెలుసు!"

మాట్లాడుతూనే చేతిసంచీలోంచి కుట్లు విప్పే కత్తెర తీసింది. వెంకటస్వామి సంపుటాన్ని రెండు చేతులా గుండెకి హత్తుకున్నాడు. తను ఏడుస్తోందని హన్నాకి తెలుసు, కళ్లు తుడుచుకోలేదు.

కాసేపటికి ఆయనే పుస్తకాన్ని బల్లమీదికి దించాడు.

"బోర్డు జోలికి నువ్వు రాకు, చింపేస్తావు," అన్నాడు. "పక్కన టీ కొట్టులో వేడినీళ్లడిగి తెమ్మను. నువ్వు కుట్టు చూడు."

ఎర్ర గుడ్డని ఆయనే కోశాడు. అప్పుడు మాత్రం ఆయన కళ్లు పుస్తకం మీద లేవు. హన్నా వార్డులో రోజూ చేసే పనే చేసింది, ముడి కింద కత్తెర దూర్చి తెంపి, దారం లాగేయడం. ఒక్కొక్క కథా విడిపోతుంటే పిల్లలు చేతులు చాపి అందుకున్నారు. అటు పళ్లెంలో బోర్డు నానుతోంది. పొర తరవాత పొర వెంకటస్వామి గోటితో లేవదీస్తున్నాడు. గొడుగు వచ్చింది. పిచ్చుక వచ్చింది. ఆయన చుట్టూ పిల్లలు బోర్లా పడుకుని, ఏ బొమ్మ వస్తుందా అని పందెం వేసుకుంటున్నారు. చివరికి పచ్చజెండా కనిపించింది.

దాని వెనక అట్టని ఆయన గోటి కొనతో, కొంచెం కొంచెంగా, ఎంతో జాగ్రత్తగా లేవదీశాడు. వచ్చింది. కానీ సగమే వచ్చింది. ప్లాట్‌ఫారం ఉంది, దాని మీద మేక నాలుగు కాళ్లూ ఉన్నాయి. మొహం అవతలి కాగితానికి అంటుకుపోయింది. కింద ఉండాల్సిన అక్షరాలు జిగురులో కలిసిపోయాయి. తడిగుడ్డతో అద్దితే మిగిలిన నాలుగూ కూడా గుడ్డకి వచ్చేశాయి.

"పోయిందమ్మా," అన్నాడాయన. "నా చేత్తో నేనే పాడు చేశాను."

హన్నా ఏదో ఒకటి కల్పించి చెబుదామనుకుంది. సూది గుచ్చే ముందు నొప్పి ఉండదని రోజూ చెప్పే నోరే, కానీ ఆ పిల్ల కళ్లలోకి చూస్తూ అబద్ధం రాలేదు.

కమల వంగి, మేక కాళ్ల మీద వేలు పెట్టింది.

"దిగింది," అంది.

వెంకటస్వామి తలెత్తి చూశాడు.

"మేక దిగింది. గార్డుని అడిగింది. ఇది మా ఊరేనా?"

"గార్డు ఏం బోలా?" అన్నాడు పక్కనున్న పిల్లవాడు.

కమల బొమ్మకేసి చూసింది. స్టేషన్ బోర్డు కోతలో పోయింది, ఏ ఊరో తెలీదు. వెతుక్కుంటూ, ఒక్కొక్క మాటా కూడదీసుకుంటూ చెప్పింది.

"కాదు, అన్నాడు. కాదు గానీ... దిగు. మేమున్నాం కదా. అన్నాడు."

హన్నా గోడకి చేరబడి కూర్చుండిపోయింది. వెంకటస్వామి తడిగుడ్డ పట్టుకుని అలాగే ఉన్నాడు. తర్వాత ఒక తెల్లకాగితం తీసి, ఆ పుస్తకం అసలు వెడల్పుకి, కోత లేనంత వెడల్పుగా కోశాడు. జేబులోంచి కలం తీశాడు. రాయడానికి వంగి, రాయలేక ఆగిపోయాడు. రేకు పెట్టె మీద కూర్చుని గడిపిన ఆ రాత్రి ఆయనకి ఆ మాట ఎవరూ చెప్పలేదు.

"గార్డు ఏమన్నాడమ్మా?" అన్నాడు, కమల వైపు తిరిగి. "మళ్లీ ఒకసారి చెప్పు తల్లీ."